కార్డు ముక్కంత కోఠి

నిండు దర్బారు. నిజాం అలీఖాన్ ముందు ఒక పెద్ద కాగితం పరిచారు. దాని మీద గీతలు, కొలతలు, తోటల హద్దులు. తెచ్చినవాడు ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్. మూసీ అవతలి ఒడ్డున ఉన్న స్థలం తమకు ఇప్పిస్తే అక్కడ రెసిడెన్సీ కట్టుకుంటామని ఆయన అర్జీ. నోటిమాటగా అడిగితే బాగుండదని సర్వే చేయించాడు. మంచి చేయి తిరిగినవాడితో పటం గీయించాడు. సందేహానికి తావు లేకుండా అంగుళం అంగుళం చూపించాడు.

నిజాం ఆ కాగితం వంక గంభీరంగా చూశాడు. చూసి, కుదరదన్నాడు.

కిర్క్‌పాట్రిక్‌కు తల కొట్టేసినట్టయింది. అడిగింది ఎంతని? అరవై ఎకరాల చిల్లర. బయటికొచ్చాక ఒక మంత్రి ముసిముసిగా నవ్వుతూ అసలు సంగతి విప్పాడు. నువ్వు తెచ్చిన కాగితం చూసి ప్రభువు జడుసుకున్నాడయ్యా, తన రాజ్యం మొత్తానికి గీసిన పటం కూడా ఆయన ఇంత పెద్దది చూసి ఉండడు, అదే స్థలాన్ని చిన్నగా గీయించి తీసుకురా, పని అయిపోతుంది అన్నాడు. నమ్మకం కుదరకపోయినా కిర్క్‌పాట్రిక్ అలాగే చేశాడు. ఈసారి పటం ఒక కార్డు ముక్క మీద పట్టింది. నిజాం వెంటనే ఒప్పుకున్నాడు.

ఈ కథ చెప్పినవాడు జాన్ మాల్కం. హైదరాబాదులో కిర్క్‌పాట్రిక్ దగ్గర సహాయకుడిగా పనిచేసిన దొర. తూర్పుదేశపు రాజులు ఎంత అమాయకులో చెప్పుకుని నవ్వుకోవడానికి రాసుకున్న కథ ఇది. నాకు మాత్రం వేరే అనుమానం. 1762 నుంచి గద్దె మీద ఉండి, ఒక పక్క మరాఠాలను, ఇంకో పక్క హైదర్, టిప్పులను, మధ్యలో ఫ్రెంచివాళ్ళను, ఇంగ్లీషువాళ్ళను కాచుకుంటూ వచ్చిన ముసలాయనకు కాగితం సైజుకూ నేల సైజుకూ తేడా తెలియదా? అదే నిజాం, అదే రెసిడెంటుతో 1800 అక్టోబరు 12న చేసుకున్న ఒప్పందంలో బళ్ళారి, కడప సహా దత్తమండలాలను కంపెనీకి రాసిచ్చాడు. ఇప్పటి రాయలసీమలో చాలాభాగం అదే. అంత సీమ ఇచ్చినవాడు అరవై ఎకరాలకు జడుసుకున్నాడంటే నమ్మడం కష్టం. నిండు దర్బారులో అంత పెద్ద కాగితం పరిస్తే, ఏం పోతున్నదో అందరికీ కనబడుతుంది. కార్డు ముక్కయితే అరచేతిలో ఇమిడిపోతుంది. ముసలాయన భయపడింది ఆ చూపులకేమోనని నా లెక్క.

ఏమైతేనేం, కార్డు ముక్క మీద మంజూరైన ఆ భవనం ఇప్పటికీ ఉంది. రోజూ వేలమంది దాని పేరు పలుకుతారు. దాన్ని చూసినవాళ్ళు మాత్రం తక్కువ.

*

మాది గౌడవెల్లి. మేడ్చల్‌కు ముందు స్టేషను. బొల్లారం దాటాక గుండ్లపోచంపల్లి, ఆ తర్వాత మేము. మా ఊళ్ళో పెద్దవాళ్ళు హైదరాబాదును పట్నం అంటారు. పట్నంలో కూడా రెండు పట్నాలు. సికింద్రాబాదులో రైలు దిగితే ఒక పట్నం. అక్కడినుంచి బస్సెక్కి కోఠి పోతే అసలు పట్నం. పాత పుస్తకాలు కావాలన్నా కోఠే, పెళ్ళి బట్టలకు సుల్తాన్ బజార్ అన్నా కోఠే. కోఠి అంటే బజారు అనుకునే పెరిగాను. కోఠి అంటే భవంతి అనీ, ఈ సందడంతా ఒక భవంతి చుట్టూ మొలిచిందనీ, ఆ భవంతి మహిళా కళాశాల గోడ వెనక ఉందనీ చాలా ఆలస్యంగా తెలిసింది. సుల్తాన్ బజార్‌కు కూడా అసలు పేరు రెసిడెన్సీ బజారే. 1933లో ఆ బజార్లను ఇంగ్లీషువాళ్ళు నిజాంకు తిరిగి అప్పగించాకే పేరు మారింది.

ఇంకో మాట కూడా చిన్నప్పుడే చెవిన పడింది. చెప్పిన పని చేయక ఎదురు మాట్లాడితే మా నాయనమ్మ అనేది: "ఏందిరా, పెద్ద తుర్రంఖాన్ లెక్క చేస్తున్నవ్?" తుర్రంఖాన్ అంటే ఏదో కట్టుకథలో బడాయికోరు అనుకునేవాణ్ణి. ఆయన రక్తమాంసాలున్న మనిషనీ, ఈ కోఠి గేటు మీదికే తుపాకి పట్టుకుని వచ్చాడనీ, మా ఊరికి ఎగువనున్న తూప్రాన్ దగ్గరే ప్రాణం పోయిందనీ ఆమెకు తెలియదు. నాకూ తెలియదు.

*

ముందు కిర్క్‌పాట్రిక్ సంగతి. 1764లో మద్రాసులో పుట్టాడు. 1798లో హైదరాబాదు రెసిడెన్సీ బాధ్యతల్లోకి వచ్చీ రాగానే పెద్ద పని చేశాడు. నిజాం కొలువులో ఫ్రెంచి అధికారుల కింద ఉన్న పద్నాలుగు వేల సైన్యాన్ని అక్టోబరులో నెత్తురు చుక్క పడకుండా నిరాయుధం చేయించాడు. మన మూసారాంబాగ్‌కు పేరిచ్చిన మూసా రాముడు, అంటే రేమండ్, అప్పటికి కొన్ని నెలల కిందటే చనిపోయాడు. ఇక నిజాంకు ఇంగ్లీషువాళ్ళు తప్ప దిక్కు లేకుండా పోయింది.

ఇంత పని చేసినవాడు ఇంటికి వెళ్తే మొగలాయీ దుస్తులు, హుక్కా, చేతులకు గోరింటాకు. నిజాం ఆయనకు హష్మత్ జంగ్ అని బిరుదిచ్చాడు. తర్వాత ఒక పెళ్ళి సందడిలో పద్నాలుగేళ్ళు నిండీ నిండని ఖైరున్నీసాను చూశాడు. పెద్దింటి పిల్ల, సయ్యదుల వంశం, అప్పటికే వేరే సంబంధం నిశ్చయమై ఉంది. ఊరంతా గుప్పుమంది. కలకత్తాలో గవర్నర్ జనరల్ వెల్లస్లీ విచారణకు ఆదేశించాడు. ఇదంతా జరుగుతుండగానే 1801లో కొడుకు సాహిబ్ ఆలం, 1802లో కూతురు సాహిబ్ బేగం పుట్టారు.

ఈ కథను ప్రేమకథగా చెప్పుకోవడం మనకిష్టం. 2002లో విలియం డాల్రింపుల్ రాసిన 'వైట్ మొఘల్స్' వచ్చాక ఇంకా ఇష్టమైంది. ప్రేమ అబద్ధమని నేననను. కానీ ఒక చేత్తో దత్తమండలాల ఒప్పందం రాయించి, ఇంకో చేత్తో గోరింటాకు పెట్టించుకున్నది ఒకే మనిషి. రెండు చేతులూ కలిపి చూస్తేనే ఆ భవనం అర్థమవుతుంది.

కట్టడం 1803లో మొదలైంది. నమూనా మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్‌ది, ఖర్చు నిజాం ఖజానాది. ఆరు భారీ కొరింథియన్ స్తంభాలు, వాటి మీద త్రికోణపు ముఖం, అందులో కంపెనీ రాజముద్ర. వెడల్పాటి మెట్ల వరసకు అటొకటి ఇటొకటి సింహం. లోపల రెండంతస్తుల ఎత్తు దర్బారు హాలు, అటూ ఇటూ వంపు తిరిగే మెట్లు. మెట్ల కింద నిలబడి తలెత్తితే, అమెరికా అధ్యక్షుడి వైట్‌హౌస్‌ను ఎవరో ఎత్తుకొచ్చి మూసీ ఒడ్డున పెట్టారా అనిపిస్తుంది. ఒకే కాలపు ఫ్యాషన్ కదా, పోలిక సహజం.

ఆ ముఖద్వారం వైభవమంతా మగవాళ్ళ కోసం. దర్బారుకొచ్చే ఉమ్రావుల కోసం, సలాము కొట్టే సిపాయిల కోసం. ఖైరున్నీసాకు అటు వచ్చే వీలు లేదు. ఆమెది పరదా. ఆమె కోసం వెనకాల తోటలో మొగలాయీ పద్ధతిలో రంగమహల్ అని వేరే జనానా కట్టించాడు. అక్కడే ఫౌంటెన్లు, చిత్రాలు గీసిన గోడలు. ఆ తోటలోనే ఇంకో వింత వస్తువు ఉంది. రెసిడెన్సీ భవనానికి అచ్చుగుద్దినట్టు ఒక చిన్న నమూనా. గచ్చుతో చేసింది. బొమ్మరిల్లులాగా వంగి చూడాలి. అవే స్తంభాలు, అవే కిటికీలు, అదే ముఖం, అన్నీ బుల్లి బుల్లివి.

ఇల్లాలు తన ఇంటి ముఖం చూడలేదు కాబట్టి దాన్ని చిన్నది చేసి ఆమె ముంగిట పెట్టాడని ఇక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. కాదు, కూతురు ఆడుకోవడానికి కట్టించిన బొమ్మరిల్లు అనేవాళ్ళూ ఉన్నారు. నాకు మొదటిదే నచ్చింది. రుజువు అడిగితే నా దగ్గర లేదు. పెద్ద పటాన్ని కార్డు ముక్క చేసి రాజును ఒప్పించినవాడికి, పెద్ద ఇంటిని గుప్పెడు చేసి భార్యను ఒప్పించడం తోచకుండా ఉంటుందా?

*

1805 నాటికి పిల్లలకు నాలుగేళ్ళు, మూడేళ్ళు. వాళ్ళను ఇంగ్లండులో ఉన్న తాత దగ్గరికి పంపాలని తండ్రి నిర్ణయం. అక్కడ తెల్లవాళ్ళుగా పెరిగితేనే బతుకుంటుందని ఆనాటి కంపెనీ ఉద్యోగుల లెక్క. తల్లి మాట నెగ్గలేదు.

పిల్లలు బయల్దేరిన రోజు రంగమహల్లో జరిగినది మనకు తెలిసింది కూతురు చెబితేనే. ముప్పై అయిదేళ్ళ తర్వాత, ఇంగ్లండు నుంచి తన అమ్మమ్మ షరఫున్నీసాకు రాసిన ఉత్తరంలో ఆమె గుర్తు చేసుకుంది. తాము విడిపోయే వేళ అమ్మ ఎక్కడ కూర్చుందో ఆ చోటు తన కళ్ళలోనే ఉందట. అమ్మ ఏడుపు చెవిలోనే ఉందట. పొడవాటి జుట్టు పీక్కుంటూ ఏడ్చిందట. మూడేళ్ళ పిల్లకు ఇంకేం గుర్తున్నాయి? దర్జీలు కూర్చుని కుట్టే వరండా. అమ్మ తనను జారుడుబండ ఆడుకోనిచ్చిన డాబా. ఆరు స్తంభాల ఊసు, సింహాల ఊసు లేదు. పిల్ల కూడా కోఠిని వెనక వైపు నుంచే చూసింది.

సెప్టెంబరులో మద్రాసులో ఓడ కదిలింది. కిర్క్‌పాట్రిక్ అప్పటికే జబ్బు మనిషి. పని మీద కలకత్తా వెళ్ళి అక్టోబరు 15న అక్కడే కన్నుమూశాడు. నలభై ఒక్క ఏళ్ళు. తాను కట్టిస్తున్న భవనం పూర్తిగా తేలడం చూడనేలేదు. ఖైరున్నీసాకు ఇరవై దాటలేదు. మొగుడి సమాధి చూడటానికి కలకత్తా దాకా వెళ్ళింది. అక్కడ ఆదరించినట్టే ఆదరించిన హెన్రీ రస్సెల్ అనే మరో కంపెనీ ఉద్యోగి ఆ తర్వాత ఆమెను మచిలీపట్నంలో వదిలేసి తన దారి తాను చూసుకున్నాడు. ఈ రస్సెల్ తర్వాత హైదరాబాదు రెసిడెంటై ఇదే భవనంలో కాపురమున్నాడు. కొందరికి అన్నీ కలిసొస్తాయి. ఖైరున్నీసా చివరికి హైదరాబాదు తిరిగొచ్చి, 1813 సెప్టెంబరు 22న పోయింది. ఇరవై ఏడేళ్ళు.

పిల్ల సాహిబ్ బేగం అక్కడ కిట్టీ కిర్క్‌పాట్రిక్ అయింది. కుర్రవాడుగా ఉన్న రచయిత థామస్ కార్లైల్ ఆమెను చూసి మనసు పారేసుకున్నాడు. ఆయన 'సార్టర్ రిసార్టస్'లోని బ్లూమీన్ పాత్రకు ఆమే మూలమంటారు. అమ్మమ్మా మనవరాళ్ళు 1840ల్లో ఉత్తరాలు రాసుకున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు, మధ్యలో ఎవరో తర్జుమా చేయాలి. కూతురి జుట్టులోంచి దాచుకున్న ఒక పాయను షరఫున్నీసా మనవరాలికి పంపింది. ఆ పిల్ల కళ్ళముందు పీక్కున్న జుట్టే అది. ఈ కథలో నాకు గొంతు పట్టేసే చోటు ఇదొక్కటే.

*

ఇక రెండో కథ. 1857 జులై 17, శుక్రవారం.

ఉత్తరాన ఢిల్లీ, మీరట్ మండుతున్నాయి. కంపెనీ కొలువులో తిరగబడి హైదరాబాదుకు వచ్చిన జమేదార్ చీదా ఖాన్‌ను దివాను సాలార్‌జంగ్ పట్టించి రెసిడెంటు డేవిడ్‌సన్‌కు అప్పగించాడు. నగరం సలసల కాగింది. మక్కా మసీదులో జుమ్మా నమాజు అయ్యాక జనం చెదరలేదు. మౌల్వీ అల్లావుద్దీన్ మాట, తుర్రేబాజ్ ఖాన్ చేయి. మా నాయనమ్మ నోట్లోని తుర్రంఖాన్ ఈయనే. అయిదొందల మంది దాకా రొహిల్లాలు, వాళ్ళ వెనక జనం మూసీ దాటి రెసిడెన్సీ వైపు కదిలారు.

సాలార్‌జంగ్ ముందే కబురు పంపాడు. కాబట్టి లోపల ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. ఖైరున్నీసా ఫౌంటెన్లు చూస్తూ కూర్చున్న తోటలో ఇప్పుడు మద్రాసు గుర్రపు ఫిరంగి దళం కాసుకుని ఉంది. సాయంత్రం వెలుగు తగ్గేవేళకు జనం గేటు దగ్గరికి చేరారు. తోట వైపు ఒక తలుపు బద్దలుకొట్టారు. లోపలినుంచి ఫిరంగి పేలింది. తుర్రేబాజ్ మనుషులు వెనక్కి తగ్గి పుత్లీబౌలి పక్కనున్న రెండు ఇళ్ళలో దూరారు. ఒకటి అబ్బన్ సాహెబ్‌ది, ఇంకొకటి జైగోపాల్ దాస్ అనే సాహుకారుది. డాబాల మీది నుంచి రెసిడెన్సీ మీదికి తుపాకులు. అక్కడినుంచి ఇక్కడికి, ఇక్కడినుంచి అక్కడికి, రాత్రంతా.

పిచ్చి ధైర్యం అనవచ్చు. రొహిల్లాల దగ్గర తుపాకులు, కత్తులు. ఎదురుగా ఫిరంగులు. పోనీ నిజాం సైన్యమైనా కలిసొస్తుందా అంటే, రెండు నెలల కిందట గద్దెనెక్కిన అఫ్జలుద్దౌలా, ఆయన దివాను ఇద్దరూ అవతలి పక్షం. తెల్లవారుజామున నాలుగు గంటల వేళకు ఇళ్ళ వెనక గోడలకు కన్నాలు పెట్టుకుని మిగిలినవాళ్ళు జారిపోయారు. తెల్లారేసరికి తుపాకిమందు వాసన, శవాలు, తూట్లు పడ్డ గోడలు.

అల్లావుద్దీన్‌ను పట్టుకుని అండమాన్ పంపారు. ఆయన మళ్ళీ ఈ గడ్డ మీద కాలు పెట్టలేదు. తుర్రేబాజ్‌కూ యావజ్జీవ ద్వీపాంతరమే పడింది. కానీ ఓడ ఎక్కించేలోపు, 1859 జనవరి 18న, చెర నుంచి తప్పించుకున్నాడు. తలకు అయిదు వేల రూపాయల వెల కట్టారు. ఆరంటే ఆరు రోజులు. పారిపోయేవాడు ఉత్తరం పట్టాడు, మా దిక్కు. జనవరి 24న తూప్రాన్ దగ్గర ఖుర్బాన్ అలీ బేగ్ అనే తాలూకాదారు మనుషుల చేతిలో హతమయ్యాడు.

తూప్రాన్ నుంచి సిటీకి వచ్చే నాగ్‌పూర్ రోడ్డు మేడ్చల్ మీదుగానే పోతుంది. మా ఊరినుంచి కూతవేటు. ఇప్పుడు దాని మీద లారీలు, ఇంజనీరింగ్ కాలేజీల బస్సులు. శవాన్ని పట్నం తెచ్చి, జనం చూడాలని, చూసి బుద్ధి తెచ్చుకోవాలని రెసిడెన్సీ దగ్గర వేలాడదీశారు. లోపలికి పోవాలనుకున్నవాణ్ణి గేటు బయటే అలా నిలబెట్టారు.

ఆ దాడి తర్వాత రెసిడెన్సీ చుట్టూ గోడలు పెరిగాయి, బురుజులు లేచాయి. బయటివాళ్ళకు కోఠి కనబడకుండా పోయింది అప్పుడే. లోపల రంగమహల్ కూడా ఎంతోకాలం మిగల్లేదు. 1860లో దాన్ని కూల్చేశారు. ఒక తెల్ల దొర దేశీ భార్యతో కాపురం చేశాడన్న జ్ఞాపకం విక్టోరియా కాలపు దొరలకు నామోషీ. బేగం ఇల్లు పోయింది, బేగం బొమ్మరిల్లు మిగిలింది. అంత చిన్నదాన్ని కూల్చాలని ఎవరికీ తట్టినట్టు లేదు.

*

1947లో ఇంగ్లీషువాళ్ళు వెళ్ళిపోయారు. రెండేళ్ళకు ఉస్మానియా మహిళా కళాశాల ఈ ఆవరణలోకి వచ్చింది. దర్బారు హాలు చుట్టూ తరగతులు, నోట్సులు, హాజరు పట్టీలు. పరదా చాటు ఇల్లాలికి దక్కని మెట్ల మీద టిఫిన్ డబ్బాలు విప్పుకుని కూర్చున్న ఆడపిల్లల తరాలు ఎన్నో. వానకు కారే పైకప్పు కింద, ఊడే గచ్చు మధ్య చదువుకున్నారు వాళ్ళు. వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ ఈ భవనాన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చాక ఏళ్ళ తరబడి మరమ్మతు జరిగింది. బొమ్మరిల్లును కూడా బాగుచేశారు. కళాశాల 2022లో విశ్వవిద్యాలయమైంది. ఇప్పుడు దాని పేరు వీరనారి చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం. దొరల భవనానికి, దొర మీద తిరగబడిన చాకలామె పేరు. పేరు పెట్టినవాళ్ళు ఇంత ఆలోచించారో లేదో గాని, బాగా అతికింది.

ఆ నమూనా ముందు వంగితే ముందుగా కనబడేది మనిషి వేలంత స్తంభాలు కాదు, వాటి మధ్యనున్న చీకటి. అక్కడ చూపు ఆనించి ఉంటే కాసేపటికి వాకిలి తెలుస్తుంది. తర్వాత లేచి, నడుం నిమురుకుని, చుట్టూ తిరిగి ముందుకొస్తే అదే వాకిలి ఆకాశమంత. ఈ రెండిటి మధ్య నడిచిపోయేందుకు పట్టే సమయం అయిదు నిమిషాలు.

గేటు బయటికొచ్చి కోఠి బస్టాపు దగ్గర 1857 స్మారకం పక్కన నిలబడ్డాను. పక్కనే పండ్ల బండి, సెల్‌ఫోన్ కవర్ల బండి. తుర్రేబాజ్ ఖాన్ పేరు ఇక్కడి రోడ్డుకు కూడా పెట్టారు. ఒక తల్లి, పదేళ్ళ కొడుకు బస్సు కోసం చూస్తున్నారు. పుస్తకాల సంచి మొయ్యనంటున్నాడు పిల్లవాడు. ఆమె వాడి చేతికి సంచి తగిలిస్తూ అంది, "పట్టుకో, పెద్ద తుర్రంఖాన్‌వి."

సికింద్రాబాదు బస్సు వచ్చింది. ముగ్గురం ఎక్కాం.